రిమోట్ బ్యాటరీ నీరసించిందా?

మీట నొక్కగానే కారు తలుపుల తాళం తీసే రిమోట్‌ను మీరు చూసే ఉంటారు. నిన్నమొన్నటి దాకా ఇరవై అడుగుల దూరం నుంచే పనిచేసిన రిమోట్, ఇప్పుడు కారు పక్కనే నిలబడి మూడు నాలుగు సార్లు నొక్కితేగాని పనిచేయడం లేదనుకోండి. లోపం ఎక్కడుందో ఎలా కనిపెడతారు?

ముందుగా ఇంట్లో ఉన్న రెండో రిమోట్‌తో ప్రయత్నించండి. దానికి తాళం వెంటనే తెరుచుకుంటే కారులో లోపం లేదన్నమాట. రెండింటికీ తెరుచుకోకపోతే కారులోని పెద్ద బ్యాటరీని అనుమానించాలి.

లోపం మొదటి రిమోట్‌దేనని తేలిందనుకుందాం. దాని లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది. చాలా రిమోట్లలో దానిమీద సి.ఆర్. 2032 అని రాసి ఉంటుంది. 20 అంటే 20 మిల్లీమీటర్ల వ్యాసం. 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం. దాని వోల్టేజి 3 వోల్టులు.

పెద్దల సహాయంతో దాన్ని బయటికి తీసి వోల్టుమీటరుతో కొలిచారు. 2.9 వోల్టులు! "బ్యాటరీ బాగానే ఉందే!" అనుకుంటారు. పొరపాటంతా ఇక్కడే. వోల్టుమీటరు బ్యాటరీ నుంచి దాదాపు కరెంటే తీసుకోదు. రిమోట్ మాత్రం రేడియో తరంగాలు పంపడానికి కరెంటు తీసుకుంటుంది. పాతబడిన బ్యాటరీలో అంతర్నిరోధం పెరిగి ఉంటుంది. కరెంటు ప్రవహించేటప్పుడు కొంత వోల్టేజి అక్కడే ఖర్చయిపోతుంది.

ఇప్పుడు బ్యాటరీకి 220 ఓమ్‌ల నిరోధకాన్ని కొద్ది సెకన్లు కలిపి, ఆ సమయంలోనే వోల్టేజి కొలవండి. అంతర్నిరోధం 60 ఓమ్‌లు అనుకుంటే మొత్తం నిరోధం 280 ఓమ్‌లు. మీటరు చూపేది 2.9 × 220 ÷ 280, అంటే సుమారు 2.3 వోల్టులే. అంతర్నిరోధం 10 ఓమ్‌లే ఉన్న కొత్త బ్యాటరీ అయితే సుమారు 2.9 వోల్టులు చూపుతుంది. చలిలో అంతర్నిరోధం ఇంకా పెరుగుతుంది. అందుకే నీరసించిన బ్యాటరీ చలికాలపు ఉదయాల్లో ముందుగా మొరాయిస్తుంది.

కొత్తది పెట్టేటప్పుడు ధన గుర్తు సరిచూసుకోండి. మరి పాతదో? దాన్ని బల్లమీద వదిలేయకండి. అందులో ఇంకా 2.9 వోల్టులున్నాయని మీరే కొలిచారు కదా! పసిపిల్లలు మింగితే అది ఆహారవాహికలో ఇరుక్కోవచ్చు. అక్కడి తడిలో కరెంటు ప్రవహించి, గాఢమైన క్షారం ఏర్పడి, రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. మింగారన్న అనుమానం వచ్చినా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. కనుక పాత బ్యాటరీకి రెండు వైపులా టేపు అంటించి, పిల్లలకు అందని చోట ఉంచి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు సేకరించేవారికి ఇవ్వండి.