తిన్నగా నిలువవలసిన విద్యుత్తు

విద్యార్థులారా! పిడిని త్రిప్పి కోరిన ఓల్టేజీని పొందు సాధనము ప్రయోగశాలకు మిక్కిలి అవసరము. అది చలింపక నిలుచుటెట్లో ఇచ్చట తెలిసికొందము.

ఈ సాధనమునకు మెదడు వంటిది ఆప్‌ఆంప్ అను వర్ధకము. దాని రెండు ప్రవేశములలో ఒకదానికి 2.5 ఓల్టుల స్థిరమైన ప్రమాణము నిత్తుము. రెండవదానికి, వెలువడు ఓల్టేజీలో నాలుగవ వంతును నిరోధకముల ద్వారా తెత్తుము. రెంటికిని భేదమున్నచో ఆప్‌ఆంప్ ట్రాన్సిస్టరును సవరించును. నాలుగవ వంతు 2.5 అయినచో మొత్తము 10 ఓల్టులే గదా! ఆ పాలు మార్చినచో ఓల్టేజీయు మారును. ఇదియే ఋణ పునర్నివేశము. వర్ధకములలో దీని ఉపయోగమును 1927లో హెరాల్డ్ బ్లాక్ అను అమెరికా ఇంజనీరు కనిపెట్టెను.

అయితే ఒక చిక్కు గలదు. బండి ప్రక్కకు ఒరిగిన చాలసేపటికి పగ్గము లాగినచో, అది రెండవ ప్రక్కకు పోవును. మరల లాగినచో మరల ఇటు వచ్చును. ట్రాన్సిస్టరును, చివరనున్న పెద్ద కెపాసిటరును ఇట్టి ఆలస్యమునే కలిగించును. ఆ ఆలస్యము అర్ధావృత్తము, అనగా 180 డిగ్రీలు, అగునప్పటికి వలయపు వర్ధనము ఒకటికి తగ్గకున్నచో, దిద్దుబాటే త్రోపుడై డోలనములు పుట్టును. స్థిరత్వమునకు గణితసూత్రమును 1932లో నైక్విస్ట్ ప్రకటించెను.

మేము కూర్చిన సాధనమున మీటరు 10 ఓల్టులే చూపెను. కాని దాపుననున్న రేడియో గురగురలాడెను. ఆసిలోస్కోపుతో చూడగా అలలు కనబడెను. మీటరు సగటునే చూపును. దానిని మాత్రమే నమ్మి విలువైన పరికరమును కలిపినచో అది చెడిపోవచ్చును.

దీనికి చికిత్స సులభము. ఆప్‌ఆంప్ నిర్గమమునకును, ఋణ ప్రవేశమునకును నడుమ చిన్న కెపాసిటరును కలుపవలెను. వేగమైన అలలకు వర్ధనము ముందే తగ్గిపోవును. 180 డిగ్రీలకు 45 మొదలు 60 డిగ్రీల వరకు ఎడముండుట మేలు. కెపాసిటరు మరీ పెద్దదైనచో, భారము హఠాత్తుగా మారినప్పుడు సవరణ మందగించును. తక్కువ ఓల్టేజీవద్ద తిరిగివచ్చు పాలు హెచ్చు; కావున అచ్చటనే మొదట పరీక్షింపుడు. తొలుత నిరోధకమునే కలిపి చూడుడు.

ప్రశ్న: 15 ఓల్టులు కావలెనన్న ఎన్నవ వంతును తేవలయును? జవాబును ఇంటివద్ద తల్లిదండ్రులకు తెలుగున వివరింపుడు. వారికి బోధపడినచో మీకును బోధపడినట్లే.