రానూపోనూ లెక్క తేలాకే ఎలక్ట్రిక్ కారు

కాపురం రాజోలులో, కొలువు ఇంకో ఊళ్లో. పాశర్లపూడి వంతెన దాటి అమలాపురం, చించినాడ వంతెన దాటి భీమవరం, రావులపాలెం మీదుగా రాజమండ్రి రోజూ వెళ్లొచ్చే ఉద్యోగులు మనవైపు చాలామందే. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం ఇంకా పూర్తి కాలేదు. బస్సు వేళలు కుదరనివాళ్లకు సొంత బండే గతి. పెట్రోలు బిల్లు చూసి ఎలక్ట్రిక్ కారు కొందామనుకుంటే, షోరూముకు వెళ్లేముందు ఇంట్లోనే నాలుగు లెక్కలు తేల్చుకోండి.

దూరం లెక్క

కంపెనీ చెప్పే రేంజ్‌లో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువే రోడ్డు మీద దక్కుతుందనుకోండి. ఏసీ, నలుగురు మనుషులు, హైవే వేగం కలిస్తే అంతే. అందులోనూ రోజూ డెబ్బై శాతమే వాడాలి. మిగతాది అత్యవసరానికి, బ్యాటరీ పాతబడ్డాక తగ్గే సామర్థ్యానికి.

టాటా టియాగో ఈవీలో 24 యూనిట్ల బ్యాటరీ రకానికి కంపెనీ మొదట చెప్పిన రేంజ్ 315 కిలోమీటర్లు. పై లెక్కన రోజుకు 140 కిలోమీటర్లు నిశ్చింతగా తిరగొచ్చు. అమలాపురానికి రానూపోనూ సుమారు 60, భీమవరానికి సుమారు 80. రెంటికీ ఇది చాలు. రాజమండ్రికి రానూపోనూ 150 దాటుతుంది కాబట్టి 35 యూనిట్ల పంచ్ ఈవీ స్థాయి బ్యాటరీ కావాలి. ఎంజీ కామెట్ చవకే కానీ డీసీ ఫాస్ట్ చార్జింగ్ లేదు. అమలాపురం వరకు సరే, అంతకు మించిన దూరాలకు వద్దు.

కరెంటు లెక్క

భీమవరం ఉద్యోగి నెలకు పాతిక రోజులు తిరిగితే 2,000 కిలోమీటర్లు. లీటరుకు 18 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారుకు, లీటరు రూ.110 చొప్పున, పన్నెండు వేలు దాటుతుంది. చిన్న ఎలక్ట్రిక్ కారు, చార్జింగ్‌లో పోయేది కూడా కలిపి, యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే 285 యూనిట్లు చాలు. అయితే ఆ యూనిట్లు మీ ఇంటి వాడకం మీద పడతాయి. 225 దాటితే యూనిట్‌ రూ.8.75, 400 దాటితే రూ.9.75 శ్లాబులు. ఇప్పటికే నెలకు 200 యూనిట్లు కాల్చే ఇంటికి కారు వల్ల అదనంగా పడేది, సర్దుబాటు చార్జీలతో కలిపి, మూడు వేల లోపే. అంటే నెలకు తొమ్మిది వేల ఆదా. ఈవీకి విడిగా మీటరు పెట్టించుకుంటే ఏ టారిఫ్ పడుతుందో ఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో అడగండి.

ముందు ఇంటి వైరింగు చూపించండి. 15 ఆంపియర్ల ప్లగ్గుకు మీటరు దగ్గర్నుంచి విడిగా వైరు, మంచి ఎర్తింగ్ ఉండాలి. ఉప్పుగాలికి స్విచ్చులు, కనెక్షన్లు తుప్పు పడతాయి, ఏటా ఒకసారి చూపించుకోవాలి. భీమవరం రానూపోనూకు సరిపడే పన్నెండు యూనిట్లు ఎక్కడానికి నాలుగైదు గంటలు. రాత్రి పెడితే తెల్లారేసరికి సిద్ధం. కారు నిలిపే చోటు కొబ్బరిచెట్టు కింద మాత్రం కాకూడదు.

వారంటీ లెక్క

దూరం వెళ్లేవాళ్లు మోసపోయేది ఇక్కడే. బ్యాటరీ వారంటీ చాలా కార్లకు 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. రాజమండ్రి ఉద్యోగి ఏడాదికి 45,000 తిరుగుతాడు. మూడున్నరేళ్లకే వారంటీ అయిపోతుంది, ఐదేళ్ల లోన్ వాయిదాలు మాత్రం మిగిలే ఉంటాయి. అందుకే ఏళ్ల అంకె పక్కన పెట్టి కిలోమీటర్ల అంకె చూడండి. సెకండ్ హ్యాండ్‌దైతే బ్యాటరీ ఆరోగ్య నివేదిక కాగితం మీద చూపిస్తేనే అడ్వాన్సు ఇవ్వండి.

బ్యాటరీ అద్దె పథకాలూ అంతే. 2024లో వచ్చిన ఎంజీ విండ్సర్‌ను బ్యాటరీ లేకుండా రూ.9.99 లక్షలకు, కిలోమీటరుకు రూ.3.50 అద్దెతో ఇచ్చారు. నెలకు 2,000 కిలోమీటర్లంటే అద్దే ఏడు వేలు, కరెంటు వేరే. పెట్రోలు మీద మిగిలేదాంట్లో చాలావరకు అద్దెకే పోతుంది. ఎక్కువ తిరిగేవాళ్లకు పనికొచ్చే పథకం కాదు ఇది.

లోన్ వడ్డీ మీద 80ఈఈబీ పన్ను మినహాయింపు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే.

వాన లెక్క

తుపాను హెచ్చరిక వినగానే వంద శాతం చార్జ్ పెట్టుకోండి, కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. గోదావరి పొంగి కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే, బ్యాటరీకి నీటి రక్షణ ఉంది కదా అని కారు దింపొద్దు.

చివరిగా, టెస్ట్ డ్రైవ్ షోరూం చుట్టూ కాదు, మీ ఆఫీసు దాకా అడగండి. ఏసీ వేసి వెళ్లి, బయల్దేరినప్పుడూ చేరాకా చార్జ్ శాతం రాసుకోండి. బ్రోచర్‌ కన్నా ఆ రెండు అంకెలే నమ్మండి. అద్దె ఇంట్లో ఉండి, ప్లగ్గు పెట్టించుకోవడానికి యజమాని ఒప్పుకోకపోతే ఇప్పుడే కొనొద్దు. రోజూ బయట ఫాస్ట్ చార్జింగ్ మీద ఆధారపడితే పైన చెప్పిన ఆదా చాలావరకు కరిగిపోతుంది.