తైలాభిషేకము: రోగి మంచమునొద్దకు వచ్చు సంఘము

చదువవలసిన వాక్యభాగములు: యాకోబు 5:13-16; మార్కు 6:7-13; లూకా 10:30-37



మన గ్రామములలో మన సంఘమువారును ఆర్.సి.ఎం. వారును ఒకే వీధిలో కాపురముండుట సాధారణమే. పెండ్లికిని చావుకును ఒకరి యింటికొకరు పోవుదుము. అయినను వారు గుడిలో వాడు పవిత్ర తైలములను గూర్చి మనకు తెలిసినది తక్కువ. “ఫాదరుగారు నూనె తెచ్చినారంటే ఇక ఆ మనిషి పని అయిపోయినట్టే” అను మాట మాత్రము మనలోను వారిలోను కొందరి నోట వినబడును. ఈ మాట నిజమేనా? ఆ నూనెకు అర్థమేమి? దానినిబట్టి మనము నేర్చుకొనవలసినదేమి? ఈ నెల వీటిని ధ్యానింతము.

1. నూనె ఎందుకు?

బైబిలు దేశములో ఒలీవ నూనె వంటకు, దీపమునకు, గాయమునకు వాడుకొను వస్తువు. మంచి సమరయుడు దెబ్బలు తిన్నవాని గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోసి కట్టు కట్టెను. ఇది మనకు వింత కాదు. మన తల్లులు పసిబిడ్డ మాడుకు నూనె అద్దుదురు. కాళ్లు పీకిన ముసలివారికి నూనె కాచి రాయుదురు. నూనె రాయవలెనంటే దగ్గరకు రావలెను, చేయి వేయవలెను. దూరమునుండి చేయు పని కాదది.

ఇశ్రాయేలులో అహరోనును యాజకునిగాను, దావీదును రాజుగాను ప్రత్యేకించినప్పుడు తలమీద తైలము పోసిరి. “క్రీస్తు” అను పేరునకే అభిషిక్తుడని అర్థము. కాబట్టి ఆయన పేరు ధరించిన మనకెవరికిని అభిషేకము పరాయి మాట కాదు.

2. కతోలికుల మూడు తైలములు

కతోలిక సంఘములో మూడు తైలములు కలవు. పవిత్ర గురువారమున గాని, దానికి సమీపమైన మరియొక దినమున గాని, పీఠాధిపతి తన గురువులందరితో కూడి వీటిని సిద్ధపరచును. అక్కడనుండి ప్రతి విచారణకును తీసికొనిపోవుదురు.

మొదటిది జ్ఞానస్నానమునకు సిద్ధపడువారి తైలము. సాతానును ఎదిరించుటకు బలము కలుగవలెనను ప్రార్థనతో దీనిని పూయుదురు.

రెండవది క్రిస్మా తైలము. ఇందులో సువాసన ద్రవ్యము కలుపుదురు. జ్ఞానస్నానము పొందిన బిడ్డ నడినెత్తిమీదను, భద్రమైన అభ్యంగనమప్పుడు నుదుటిమీదను దీనిని పూయుదురు. గురుపట్టమప్పుడు క్రొత్త గురువు అరచేతులకును, పీఠాధిపతిని అభిషేకించునప్పుడు తలకును ఇదే తైలము. క్రొత్త గుడిని ప్రతిష్ఠించునప్పుడు బలిపీఠమునకును గోడలకును కూడ పూయుదురు. ఈ మనిషి, ఈ స్థలము దేవునివని చెప్పుటయే దీని భావము.

మూడవది వ్యాధిగ్రస్తుల తైలము. మనము ముఖ్యముగా ఆలోచింపవలసినది దీనిని గూర్చియే.

3. ఇది చావు గురుతా?

పూర్వము దీనిని “అవస్థ అభ్యంగనము” అనిరి. అనేక శతాబ్దములు దీనిని ప్రాణము పోవు గడియకే ఉంచుట వాడుకయైనందున, నూనె అనగానే జనులకు మరణభయము పట్టుకొనెను. ఇంటివారు ఆలస్యము చేయుచు, రోగికి స్పృహ తప్పిన తరువాత గురువును పిలిచెడివారు.

రెండవ వాటికన్ మహాసభ 1963లో ఈ తలంపును సరిదిద్దెను. దీనికి వ్యాధిగ్రస్తుల అభ్యంగనమను పేరే తగినదనియు, ఇది చనిపోవుచున్నవారికి మాత్రమే కాదనియు చెప్పెను. 1972లో ఆరవ పౌలు పోపుగారు క్రొత్త క్రమమును ఏర్పరచిరి. అంతకు పూర్వము కన్నులకు, చెవులకు, ముక్కునకు, నోటికి, చేతులకు, కాళ్లకు పూయుచుండగా, ఇప్పుడు నుదుటికిని చేతులకును పూయుదురు. ఒలీవ నూనె లేనిచోట వేరొక మొక్కనుండి తీసిన నూనె వాడవచ్చును. పెద్ద జబ్బు పడినవారు, పెద్ద ఆపరేషనుకు పోవువారు, బలము తగ్గిన వృద్ధులు దీనిని పొందవచ్చును. వ్యాధి మరల ముదిరినయెడల మరల పొందవచ్చును. మరణమునకు సిద్ధపడువానికి వారిచ్చు కడవరి సంస్కారము నూనె కాదు, ప్రభు సంస్కారమే. దానిని దారి బత్తెముగా వారు ఎంచుదురు.

4. మనకును వారికిని గల భేదము

కతోలికులు దీనిని ఏడు సంస్కారములలో ఒకటిగా ఎంచుదురు. మనము ప్రభువు తానే నియమించిన బాప్తిస్మమును ప్రభు భోజనమును మాత్రమే సంస్కారములుగా అంగీకరింతుము. యాకోబు చెప్పిన “పెద్దలు” గురువులేయని వారందురు. సంఘపు పెద్దలని మనమందుము. 1520లో లూథరు ఇది సంస్కారము కాదని వాదించెను. 1551లో త్రెంతు మహాసభ సంస్కారమేయని తీర్మానించెను. ఇంగ్లాండు సంఘపు ప్రార్థన పుస్తకములో 1549లో రోగికి నూనె పూయు క్రమముండెను. 1552లో దానిని తీసివేసిరి.

ఈ భేదము చిన్నది కాదు, దానిని దాచవలసిన పనియు లేదు. అయితే ఒక సంగతి గమనించుడి. క్రమమును తీసివేసినవారు యాకోబు పత్రికను తీసివేయలేదు. రోగియైనవాడు పెద్దలను పిలిపింపవలెననియు, వారు వచ్చి నూనె రాచి ప్రార్థింపవలెననియు చెప్పిన వాక్యము మన బైబిలులో నేటికిని ఉన్నది. స్వస్థపరచునది నూనె కాదు, ప్రభువే. సీసాలో అమ్ముకొను నూనెకు ఈ వాక్యములో చోటు లేదు. ఈ వాక్యము కోరునది మనుష్యుల రాకడను, విశ్వాసముగల ప్రార్థనను.

5. మేము నేర్చుకొనిన పాఠము

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఆర్.సి.ఎం. కుటుంబములో ఒక వృద్ధురాలు జబ్బుపడెను. చూడబోయితిమి. ఆమె కుమారుడు మమ్మును ప్రక్కకు పిలిచి, “అయ్యగారూ, ఫాదరుగారిని పిలిస్తే అమ్మ దడుచుకుంటుందేమోనండి” అనెను. ఆమె లోపలనుండి విని, “పిలువు నాయనా, రాకపోతేనే నాకు భయం” అనెను.

గురువు వచ్చి వాక్యము చదివి, ఆమె తలమీద చేయి ఉంచి, నూనె పూసి ప్రార్థించెను. బంధువులందరు చుట్టు నిలిచిరి. మేము గుమ్మమునొద్ద నిలిచితిమి. ఆమె మంచము దిగలేదు; కొన్ని వారములకు ప్రభువునందు నిద్రించెను. అయినను ఆ దినమున ఆమె ముఖములో కలిగిన నెమ్మదిని మేము చూచితిమి.

తిరిగి వచ్చుచుండగా మన పెద్దలలో ఒకరు మెల్లగా, “అయ్యగారూ, వెనుక వీధిలో మన మనిషి మంచానపడి ఇరువది దినములైనది. మనమెవరమును పోలేదు” అనిరి. మాకు నోట మాట రాలేదు. వారి నూనెను గూర్చి తప్పొప్పులు చెప్పగలిగిన మేము, మన వాక్యము చెప్పినది చేయలేదు. ఆ సాయంకాలమే ముగ్గురము పోతిమి. “నన్ను మరచిపోయినారనుకొంటిని” అని ఆయన ఏడ్చెను. మేమును ఏడ్చితిమి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో ఇప్పుడు మంచముమీద ఉన్నవారెవరు? వారి పేర్లు మన పెద్దలందరికి తెలియునా?
2. జబ్బుపడినప్పుడు పెద్దలను పిలిపించుటకు మనము ఎందుకు సంకోచించుచున్నాము?
3. ఈ వారము ఎవరి యింటికి, ఎవరెవరు కలిసి పోవుదురు?

ప్రార్థన: ప్రభువా, నీవు రోగులను ముట్టి స్వస్థపరచితివి. మేము దూరముగా నిలిచిన దినములను క్షమించుము. మా పొరుగువారిని తృణీకరింపక, నీ మాటను గైకొను మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.