సివిల్ డిప్లొమా: సైటు అడిగే చదువు

పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసినవాళ్లకు ఏమేం వచ్చి ఉండాలో నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్ ఏడు అంశాలుగా చెప్పింది. సమస్యను విశ్లేషించడం, పరికరాలు వాడటం, పరీక్షలు చేయడం, జీవితాంతం నేర్చుకోవడం వగైరా. ఇంటర్వ్యూలో ప్రాజెక్ట్ మేనేజర్ ఈ పేర్లేవీ ఎత్తడు. 12 ఎంఎం కడ్డీ మీటరుకు ఎంత తూగుతుందని అడుగుతాడు. వ్యాసం వర్గాన్ని 162తో భాగిస్తే 0.89 కిలోలు. ఇది చాలామంది చెబుతారు. ఆ 162 ఎక్కణ్నుంచి వచ్చిందంటే మాత్రం నీళ్లు నములుతారు. ఉక్కు సాంద్రత ఘనపు మీటరుకు 7,850 కిలోలు, కడ్డీ అడ్డుకోత గుండ్రం. ఈ రెండూ తెలిస్తే లెక్క అక్కడే కట్టి చూపించవచ్చు.

సైటులో మీకు జీతమిచ్చేది డిజైన్ చేయమని కాదు. డ్రాయింగులో ఉన్నదే నేల మీదా ఉందో లేదో కొలిచి, ఆ కొలత ఆ రోజే రాసిపెట్టమని.

రేపు స్లాబ్ వేస్తారంటే మీ అసలు పని ఇవాళ సాయంత్రమే. డ్రాయింగు, టేపు పట్టుకుని పైకెక్కండి. కడ్డీల మధ్య దూరం, ల్యాపులు, రింగులు చూడండి. కవర్ బ్లాకులు మామూలుగా స్లాబుకు 20, కాలమ్‌కు 40, ఫుటింగ్‌కు 50 ఎంఎం. కాకినాడ, విశాఖ లాంటి తీరంలో ఉప్పుగాలికి కడ్డీ తుప్పు పడుతుంది కాబట్టి డ్రాయింగు ఇంకా ఎక్కువ అడగవచ్చు. అన్నిటికంటే ముందు బాల్కనీలు, సన్‌షేడ్లు చూడండి. అక్కడ మెయిన్ కడ్డీ పైన ఉండాలి. కూలీలు తొక్కితే కిందికి దిగిపోతుంది, కాంక్రీటు పడ్డాక ఎవరికీ కనబడదు, సెంట్రింగ్ విప్పేటప్పుడు బయటపడుతుంది. కింద చెయిర్లు సరిపడా పెట్టించనిదే కదలకండి.

స్లాబ్ వేసే రోజు రెడీమిక్స్ కాంక్రీటు గట్టిగా ఉందని మేస్త్రీ నీళ్ల పైపు తెప్పిస్తాడు. వయసులో పెద్దవాడు, ఎన్నో స్లాబులు వేసినవాడు. నలుగురిలో కేకలేస్తే మీ మాట ఇంకెప్పుడూ వినడు. “మేస్త్రీ గారూ, నీళ్లు పోస్తే క్యూబులు ఫెయిలవుతాయి. ప్లాంటువాళ్లకు ఫోన్ చేస్తున్నా, కాసేపు ఆగండి” అంటే సరిపోతుంది. మాట మెత్తగా ఉండొచ్చు, పైపు మాత్రం పెట్టనివ్వకూడదు.

క్యూబుల లెక్క ఐఎస్ 456లో ఉంది. 5 ఘనపు మీటర్ల దాకా ఒక శాంపిల్, 15 దాకా రెండు, 30 దాకా మూడు. శాంపిల్‌కు మూడు క్యూబులు. అంటే 28 ఘనపు మీటర్ల స్లాబుకు 28 రోజుల పరీక్షకే తొమ్మిది. 7 రోజుల ఫలితం కావాలంటే అవి అదనం. తేదీ, గ్రేడు, ఏ భాగమన్నది క్యూబు మీదా రిజిస్టరులోనూ ఉండాలి. ఎక్కడి కాంక్రీటో రాయని క్యూబు ఎంత బలం చూపినా దేనికీ సాక్ష్యం కాదు.

ఆటో లెవెల్ ఒక్కరే పెట్టుకుని ఆర్‌ఎల్‌లు తీయగలగాలి. బ్యాక్‌సైట్ల మొత్తంలోంచి ఫోర్‌సైట్ల మొత్తం తీసేసి సరిచూసుకోవడం కాలేజీలో నేర్పారు. అది కూడికల తప్పే పట్టిస్తుంది, స్టాఫ్ మీద అంకె తప్పు చదివితే పట్టించదు. అందుకే చివర్లో మళ్లీ బెంచ్‌మార్క్ మీదికి వచ్చి ముగించాలి.

ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయాల్లో ఇంజినీరింగ్ అసిస్టెంటుగా చేరినా, కాంట్రాక్టరు దగ్గర చేరినా ఎం-బుక్ (కొలతల పుస్తకం) తప్పదు. తప్పు పడితే చెరపకండి. అడ్డంగా కొట్టేసి, పక్కన సరైన అంకె రాసి, పొట్టి సంతకం చేయండి. ఏది కొలవాలో, ఏది మినహాయించాలో ఐఎస్ 1200 చెబుతుంది. ప్లాస్టరింగ్‌లో అర చదరపు మీటరు లోపు ఖాళీలకు కోత లేదు. ఇలాంటివి తెలియకపోతే బిల్లు దగ్గర రోజూ గొడవే.

సాఫ్ట్‌వేర్ సంగతి: ఆటోక్యాడ్‌లో డ్రాయింగు తెరిచి కొలతలు తీయడం, ఎక్సెల్‌లో కడ్డీల షెడ్యూలు వేయడం వస్తే మొదటి ఏడాదికి చాలు. అమీర్‌పేటలో వేలు పోసి డిజైన్ సాఫ్ట్‌వేర్ స్టాడ్ నేర్చుకోవడం, నా దృష్టిలో, ఇప్పుడే అవసరం లేదు.

చదువులో భాగంగా ఇండస్ట్రియల్ ట్రైనింగుకు వెళ్తారు కదా. అక్కడ హాజరు వేయించుకుని వచ్చేయకుండా, మీరు స్వయంగా వేసిన షెడ్యూలు ఒకటి, తీసిన లెవెల్స్ పేజీ ఒకటి, పోయించిన క్యూబుల ఫలితాలు ఇంజినీరు గారి అనుమతితో కాపీ తీసుకోండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల ఫైలులో పైన వాటినే పెట్టండి.