మైండ్‌ఫుల్‌నెస్ అంటే ఏమిటి? సమ్మా సతి అంటే ఏమిటి?

"మైండ్‌ఫుల్‌నెస్" అనే ఇంగ్లీషు మాట మీరు ఈమధ్య వినే ఉంటారు. ఆఫీసుల్లో దీని మీద క్లాసులు పెడుతున్నారు, ఫోన్లలో యాప్‌లు కూడా వచ్చాయి. అర్థం ఏమిటని అడిగితే మాత్రం తలా ఒకటి చెబుతారు. టెన్షన్ తగ్గించుకోవడం అని ఒకరు, ఏ ఆలోచనా లేకుండా కళ్లు మూసుకుని కూర్చోవడం అని ఇంకొకరు. "మైండ్", "ఫుల్" అని విడగొట్టి, మనసు నిండా ఏదో నింపుకోవడం అనుకునేవాళ్లూ ఉన్నారు. ఇది అష్టాంగ మార్గంలో ఏడవ అంగానికి ఇంగ్లీషులో పెట్టిన పేరు. కాబట్టి మనం దీన్ని సరిగ్గా తెలుసుకోవాలి.

పాళీలో ఆ మాట "సతి". భార్య అనే అర్థంలో మనం వాడే సతికీ దీనికీ సంబంధం లేదు. సంస్కృతంలోని "స్మృతి"కి ఇది పాళీ రూపం. స్మృతి అంటే జ్ఞాపకమే కదా! ఎప్పుడో చేసిన పనినీ అన్న మాటనీ గుర్తు తెచ్చుకోగలగడం కూడా సతి లక్షణమేనని సుత్తాలు చెబుతాయి. రీస్ డేవిడ్స్ 1881లో అచ్చయిన తన అనువాదంలో సమ్మా సతిని "రైట్ మైండ్‌ఫుల్‌నెస్" అన్నాడు. ఆయన ఎంపిక తప్పేమీ కాదు. మైండ్‌ఫుల్ అంటే ఇంగ్లీషులో మరవకుండా మనసులో ఉంచుకోవడం అనే అర్థం పాతకాలం నుంచీ ఉంది. "రిమైండ్" అనే మాటలో అది ఇప్పటికీ వినబడుతుంది.

మరి అర్థం ఎక్కడ మారింది? 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో రోగులకు ఒక శిక్షణ మొదలుపెట్టాడు. జరుగుతున్న క్షణాన్ని మంచీ చెడూ అని తీర్పు చెప్పకుండా గమనించడం అందులో ముఖ్యం. నొప్పితో బాధపడే మనిషికి అది మేలు చేసే పద్ధతే, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ మైండ్‌ఫుల్‌నెస్ అంటే అంతే, గమనించడమే అనే అభిప్రాయం స్థిరపడిపోయింది.

ఒక్కసారి ఆలోచించండి. రద్దీ బస్సులో జేబుదొంగ ఎంత ఏకాగ్రతతో ఉంటాడు! ప్రతి కుదుపూ, ప్రతి చూపూ గమనిస్తాడు. గమనించడమే సతి అయితే వాడికంటే గొప్ప సాధకుడు ఉండడు. అందుకే సుత్తాల్లో "మిచ్ఛా సతి" అనే మాట కూడా ఉంది, అంటే తప్పుడు సతి. ముందు "సమ్మా" అని ఊరికే పెట్టలేదు.

సంయుత్త నికాయంలోని కింసుక సుత్తంలో సతిని కోట వాకిలి కావలివాడితో పోల్చారు. శరీరం కోట, ఆరు ఇంద్రియాలు ఆరు వాకిళ్లు. తెలివైన కావలివాడు తెలిసినవాళ్లని రానిస్తాడు, తెలియనివాళ్లని ఆపేస్తాడు. దొంగ లోపలికి పోతుంటే "ఓహో, దొంగ పోతున్నాడు" అని చూస్తూ కూర్చునేవాణ్ణి ఎవరైనా కావలికి పెట్టుకుంటారా? మిలింద ప్రశ్నలలో నాగసేనుడు ఇంకో పోలిక చెప్పాడు: రాజుకి ఉదయం, సాయంత్రం తన సంపద ఎంతో గుర్తుచేసే కోశాధికారి. మనకున్న మంచి గుణాలేవో సతి అలా గుర్తుచేస్తుందట. బాబాసాహెబ్ అంబేడ్కర్ కూడా "బుద్ధుడు, ఆయన ధమ్మం"లో సమ్మా సతిని చెడు వాంఛల మీద మనసు పెట్టే కాపలాగానే వివరించారు.

తెలుగులో దీనికి స్మృతి, ఎరుక, జాగరూకత అని రకరకాలుగా రాస్తున్నారు. నన్నడిగితే తెలంగాణ పల్లెల్లో ఇంకా దగ్గరి మాటలు ఉన్నాయి. "సోయి ఉందా నీకు?" అంటారు, "యాదికుంచుకో" అంటారు. ఇప్పుడు ఏం చేస్తున్నానో తెలియడం సోయి, ఏది చేయకూడదని అనుకున్నానో మరవకపోవడం యాది. సతిలో రెండూ ఉన్నాయి.

పంచశీల తీసుకున్నవాళ్లకి ఇది రోజూ పనికొచ్చే విషయం. పక్కింటివాళ్ల గురించి ఎవరో ఏదో అన్నారు, నోటి చివరిదాకా ఒక అబద్ధం వచ్చింది. అది వచ్చిందని తెలియాలి. నాలుగో శీలం అప్పుడే యాదికి రావాలి. రాత్రి పడుకునేటప్పుడు గుర్తొస్తే అప్పటికే మాట వాకిలి దాటిపోయి ఉంటుంది.