యాంటెనా ఎక్కడ కడతావబ్బయా?

డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో కొత్తగా కాపురం పెట్టిన తెలుగు కుర్రాళ్లలో కొందరికి రెండో ఏడో మూడో ఏడో, లైసెన్సు తీసుకుని సొంతంగా రేడియోలో ప్రపంచంతో మాట్లాడే హామ్ రేడియో పిచ్చి పట్టుకుంటుంది. చిన్నప్పుడు తాతగారి రేడియో ముల్లు తిప్పిన చెయ్యి ఎంత జీతం వచ్చినా ఊరుకోదు. పిచ్చి పట్టిన వెంటనే వాళ్లు అడిగేది ఒకటే: “అన్నా, ఏ రేడియో కొనమంటావు?”

వాళ్లు అన్నా అని పిలిచేది నెల్లూరు నుంచి వెళ్లి టెక్సస్‌లో స్థిరపడిన ఒక ఇంజనీరుని. ఆ మాట వినగానే ఆయనకు ఒళ్లు మండుతుంది. ఆయన లెక్కలో అది మూడో ప్రశ్న. మొదటిది, యాంటెనా ఎక్కడ కడతావని. రెండోది, ఆ కట్టే చోటు గురించి నువ్వు సంతకం పెట్టిన కాగితాల్లో ఏం రాసుందని. ఈ రెండూ తేలకుండా కొన్న రేడియో అట్టపెట్టెలో ఉన్నా ఒకటే, బల్లమీద ఉన్నా ఒకటే.

లైసెన్సు సంగతి తేలిక. పౌరసత్వం అక్కర్లేదు, గ్రీన్‌కార్డు అక్కర్లేదు. హెచ్‌1బీ మీద వచ్చినవాళ్లు, హెచ్‌4 మీద ఇంట్లో ఉన్నవాళ్లు, చదువుకునే పిల్లలు, ఎవరైనా పరీక్ష రాయొచ్చు. విదేశీ ప్రభుత్వాల ప్రతినిధులకు మాత్రమే వీల్లేదు. వయసు నిబంధన లేదు. ఉత్తరాలు అందే అమెరికా చిరునామా, ఈమెయిల్, అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ దగ్గర తీసుకునే ఎఫ్‌ఆర్‌ఎన్ నంబరు ఉంటే చాలు. టెక్నీషియన్, జనరల్, ఎక్స్‌ట్రా అని మూడు మెట్లు. మొదటి రెండింటికీ 35 ప్రశ్నల్లో 26 సరిగ్గా రాస్తే పాస్, ఎక్స్‌ట్రాకు 50లో 37. ప్రశ్నలన్నీ జవాబులతో సహా ముందే అచ్చేసి ఉంచుతారు. ఎంసెట్ రాసి వచ్చినవాళ్లకు ఇదొక పరీక్షా? మోర్స్ కోడ్ రావాలన్న నియమం కూడా 2007లోనే పోయింది. ఎఫ్‌సీసీ రుసుము 35 డాలర్లు. కట్టమని మెయిల్ వచ్చిన 10 రోజుల్లోగా కట్టాలి. ఆ మెయిల్ స్పామ్‌లో పడిందని తర్వాత తలపట్టుకునేవాళ్లు ఏటా ఉంటారు. లైసెన్సు పదేళ్లు చెల్లుతుంది.

ఒకటి మాత్రం ముందే తెలుసుకోవాలి. లైసెన్సుకు ఇచ్చిన చిరునామా ఎఫ్‌సీసీ జాబితాలో అందరికీ కనిపిస్తుంది. లైసెన్సుతో ఇచ్చే గుర్తింపు పేరు, అంటే కాల్‌సైన్, తెలిసిన ఎవరైనా ఇల్లెక్కడో చూడొచ్చు. ఇష్టం లేకపోతే దరఖాస్తు పెట్టకముందే పోస్టాఫీసు పెట్టె తీసుకోవాలి.

ఇంకొకటి, టెక్నీషియన్‌తో ఆగిపోకూడదు. ఆ లైసెన్సుతో 50 మెగాహెర్ట్జ్ పైనున్న హామ్ బ్యాండ్లన్నీ దక్కుతాయి గానీ, అవి చాలావరకు ఊళ్లో మాటలకే. సముద్రాలు దాటించేది 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ మధ్యనున్న షార్ట్‌వేవ్. ఆ తరంగాలు పైనున్న అయనావరణంలో వంగి మళ్లీ నేలకు దిగుతాయి. అక్కడ టెక్నీషియన్‌కు నోటితో మాట్లాడే వీలున్నది 28.3 నుంచి 28.5 వరకు చిన్న ముక్కలోనే. దూరదేశాలకు ఎక్కువగా వాడే 20 మీటర్ల బ్యాండులోకి, అంటే 14 మెగాహెర్ట్జ్ దగ్గరికి, జనరల్ లేనిదే అడుగుపెట్టలేరు. టెక్నీషియన్ పాసైతే అదే పూట జనరల్ కూడా రాయనిస్తారు. రెండూ చదువుకుని వెళ్లడానికి బద్ధకమేమిటో!

యెల్లోస్టోన్ టూరులో రెండు కార్ల మధ్య మాట్లాడుకోవడానికే అయితే ఈ తంటా ఏదీ వద్దు. జీఎంఆర్‌ఎస్ అని కుటుంబాలు మాట్లాడుకునే రేడియో ఒకటుంది. దాని లైసెన్సుకు పరీక్షే లేదు, రుసుము అదే 35 డాలర్లు, ఇంటిల్లిపాదికీ అదొక్కటి చాలు.

చేతి రేడియో విషయానికొస్తే, పాతిక ముప్ఫై డాలర్లకు వచ్చే బావోఫెంగ్ యూవీ-5ఆర్ కొనడం తప్పు కాదు. దాంతో నెల్లూరుతో మాట్లాడతామనుకోవడం తప్పు. నాలుగైదు వాట్ల ఆ రేడియో ఎత్తయిన టవరు మీదుండి మాటను అందుకుని తిరిగి పంపే రిపీటర్‌ను అందుకోవడానికే పనికొస్తుంది. రిపీటర్ పలికే ఫ్రీక్వెన్సీ ఒకటి, వినే ఫ్రీక్వెన్సీ ఇంకొకటి. 2 మీటర్ల బ్యాండులో మామూలుగా ఆ రెంటి మధ్య తేడా 600 కిలోహెర్ట్జ్. పైగా సీటీసీఎస్‌ఎస్ అనే గుర్తింపు టోన్ కలిపి పంపితే గానీ చాలా రిపీటర్లు ఉలకవు పలకవు. ఇవేవీ పెట్టకుండా రేడియో పాడైందని తిప్పి పంపేవాళ్లను ఏమనాలి? లైసెన్సు రాకముందు ఎంతసేపైనా వినొచ్చు, బటన్ మాత్రం నొక్కకూడదు. పిల్లలకు ఆటవస్తువుగా ఇవ్వడం అసలే కూడదు. హామ్‌లకు సంబంధం లేని ఫ్రీక్వెన్సీల మీద కూడా పలకగల డబ్బా అది.

రిపీటర్ మీద తెలుగులో మాట్లాడొచ్చా? నిక్షేపంగా. ఎఫ్‌సీసీకి భాషతో పేచీ లేదు. కాల్‌సైన్ మాత్రం ఇంగ్లీషులో చెప్పాలి, పది నిమిషాలకోసారి, ముగించేటప్పుడు ఇంకోసారి. ఘంటసాల పాట వేయకూడదు, సంగీతం నిషిద్ధం. ఇడ్లీ పిండి ఆర్డర్లు, చీరల ఎగ్జిబిషన్ ప్రకటనలు కూడా కుదరవు, వ్యాపారానికి ఈ బ్యాండ్లలో చోటు లేదు.

ఇక అసలు సంగతి.

ఇల్లు కొనేటప్పుడు తెలుగువాళ్లు చూడనిదేముంది? తూర్పు ముఖమా ఉత్తర ముఖమా, ఈశాన్యంలో ఏముంది, వీధిపోటు ఉందా, స్కూలు రేటింగు ఎంత, గుడి ఎన్ని మైళ్లు. ఫ్లోర్‌ప్లాన్ వాట్సాప్‌లో వాస్తు పంతులుగారికి వెళ్తుంది. అదే ఇంటితో పాటు వచ్చే హోమ్‌ఓనర్స్ అసోసియేషన్ నిబంధనల కట్టను మాత్రం ఎవరూ విప్పరు. విప్పకుండానే సంతకం పెడతారు. డల్లాస్ శివార్లలో కొత్తగా లేచే కాలనీల్లో చాలావాటికి ఇలాంటి అసోసియేషన్ ఉంటుంది. చాలా కట్టల్లో ఒక వాక్యమూ ఉంటుంది: కమిటీ రాతపూర్వక అనుమతి లేకుండా ఇంటి బయట ఏ రకమైన యాంటెనా పెట్టరాదని.

నెల్లూరాయనా సంతకం పెట్టినవాడే. తర్వాత ముచ్చటపడి ఐకామ్ ఐసీ-7300 కొన్నాడు, 100 వాట్ల షార్ట్‌వేవ్ సెట్టు. దాన్ని గోడ ప్లగ్గుకు నేరుగా పెట్టేందుకు లేదు, 13.8 వోల్టుల డీసీ కావాలి, ఆ పవర్ సప్లై విడిగా కొన్నాడు. యాంటెనా కూడా పెట్టెలో రాదు. అరవై ఆరు అడుగుల సన్నటి నల్ల తీగ తెచ్చి, చూరు నుంచి వెనక కంచె మూలనున్న ఫైబర్‌గ్లాస్ కర్రకు లాగి కట్టాడు. ఆ రాత్రి బ్రెజిల్ పలికింది. తెల్లవారుజామున జపాన్ పలికింది. ఆయన నిద్రపోలేదు, ఇల్లాలినీ నిద్రపోనివ్వలేదు.

ఆపైన ఉత్తరం వచ్చింది. లోపల ఫొటో, ఫొటోలో తీగ చుట్టూ ఎర్ర సున్నా. తీసెయ్యండి, లేదా జరిమానా.

ఇక్కడే చాలామంది బోల్తా పడేది. డిష్ యాంటెనాలను ఏ అసోసియేషనూ ఆపకూడదని ఎఫ్‌సీసీ 1996లో నియమం పెట్టింది కదా, తీగకూ అదే వర్తిస్తుందని ఆయన వాదించాడు. వర్తించదు. అది ఒక మీటరు లోపు డిష్‌లకు, టీవీ యాంటెనాలకు, ఇంటర్నెట్ గ్రాహకాలకు, అంతే. హామ్ యాంటెనా అందులో లేదు. పీఆర్‌బీ-1 అని 1985 నాటి ఇంకో ఉత్తర్వు చూపించాడు, హామ్‌లకు తగు వెసులుబాటు ఇవ్వాలని అందులో ఉంది. నిజమే, కానీ అది ఊరి మునిసిపాలిటీకీ రాష్ట్రానికీ. ఇంటాయన తన చేత్తో ఒప్పుకున్న ప్రైవేటు ఒప్పందం జోలికి అది పోదు. కాగితాలన్నీ ప్రింటు తీసుకుని కమిటీ ముందు కూర్చున్నాడు. వాళ్లు మర్యాదగా విన్నారు. మర్యాదగానే కాదన్నారు.

తీగ దిగింది. పోనీ అటకలో కడదామనుకున్నాడు. టెక్సస్ ఎండకు చాలా కొత్త ఇళ్ల కప్పు చెక్కల లోపలివైపు మెరిసే అల్యూమినియం పొర అతికి ఉంటుంది, వేడిని తిప్పికొట్టడానికి. అది రేడియో తరంగాలనూ తిప్పికొడుతుంది. జులై మధ్యాహ్నం అటకలో చెమట కక్కుతూ తీగ లాగి, కిందికొచ్చి సెట్టు పెడితే వినిపించింది చుట్టుపక్కల సోలార్ ఇన్వర్టర్ల గోల, చవకరకం ఎల్‌ఈడీ దీపాల గోల. దేశాలేవీ వినిపించలేదు.

ఆ రోజుల్లోనే ఆయనకు నెల్లూరి మిద్దె గుర్తొచ్చేది. దూరదర్శన్ పట్టడానికి వీధి వీధంతా మిద్దెల మీద ఇనప గొట్టాలు, వాటి మీద అల్యూమినియం పుల్లలు, పుల్లల మీద కాకులు. చిత్రలహరి వేళకు గాలికి గొట్టం తిరిగిపోతే పైనుంచి “వచ్చిందా?” అని అరుపు, కిందనుంచి “ఇంకొంచెం, ఇంకొంచెం, పోయింది!” అని అరుపు. ఎవరూ ఎవరినీ అనుమతి అడిగింది లేదు. పక్కింటివాళ్ల యాంటెనా వంగితే మనిషి వెళ్లి నిలబెట్టి వచ్చేవాడే గానీ ఫొటో తీసి ఉత్తరం రాసేవాడు కాదు. ఈ కథ చెప్పినప్పుడల్లా ఆయన గొంతు మారుతుంది, మరుక్షణం కోపం తిరిగొస్తుంది: “ముందు కాగితం చదువబ్బయా. రేడియో ఎక్కడికీ పోదు.”

ఎవరు వింటారు? ఈమధ్యే ఒక గుంటూరు జంట పెరట్లో ఇరవై మూడు అడుగుల అల్యూమినియం కర్ర నిలబెట్టి, గృహప్రవేశానికి వచ్చినవాళ్లకు చూపించి మురిసిపోయారు. ఉత్తరం వచ్చాక అన్న దగ్గరికి పరిగెత్తారు. కాగితం చదివారా అని ఆయన అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

దారులు లేకపోలేదు. జెండా కర్ర రూపంలో ఉండే యాంటెనాలు అమ్ముతారు. టెక్సస్ చట్టం ప్రకారం ఇరవై అడుగులు మించని జెండా కర్రను ఒక్కదాన్నైనా అసోసియేషన్ కాదనకూడదు. అయితే చట్టం అండ జెండాకే, లోపలి తీగకు కాదు. అది గుర్తుంచుకుని నిలబెట్టాలి. దీనికన్నా ఉత్తమం, ముందే కమిటీకి దరఖాస్తు పెట్టి, రాతలో అనుమతి తీసుకోవడం. ఇల్లు ఇంకా కొననివాళ్లకైతే మార్గం నేరుగా ఉంది: నిబంధనల కట్ట ముందే అడిగి తెప్పించుకుని, యాంటెనా అన్న మాట ఎక్కడుందో వెతకాలి. ఈశాన్యం తర్వాత చూసుకోవచ్చు.

ఇప్పుడు నెల్లూరాయన ఎక్కువగా పార్కులకు పోతాడు. పార్క్స్ ఆన్ ది ఎయిర్ అని ఒక కార్యక్రమం ఉంది. జాబితాలో ఉన్న పార్కులో కూర్చుని ఒక్క రోజులో పది మందితో పలికితే ఆ పార్కును నడిపినట్టు లెక్క. వెంట యాఎసు ఎఫ్‌టీ-891 రేడియో, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, 20 మీటర్ల బ్యాండుకు రెండు వైపులా పదహారున్నర అడుగుల తీగ, పులిహోర డబ్బా. జో పూల్ సరస్సు ఒడ్డున సీడర్ హిల్ స్టేట్ పార్కులో సోలార్ ఇన్వర్టర్ల గోల ఉండదు, కమిటీ ఉండదు.

అక్కడ కూర్చున్నా హైదరాబాద్ అందడం మాత్రం సులువు కాదు. దూరం సుమారు 14,400 కిలోమీటర్లు, అతి దగ్గరి దారి దాదాపు ఉత్తర ధ్రువం మీదుగా పోతుంది. సూర్యుడి మీద తుపాను రేగితే మొదట దెబ్బతినేది ఆ ధ్రువపు దారే. 2024 మే నాటి పెద్ద సౌర తుపానులో షార్ట్‌వేవ్ చాలాచోట్ల మూగబోయింది. మంచి రోజుల్లో అదృష్టం కలిసొచ్చే వేళ ఒకటుంది: డల్లాస్‌లో పొద్దు పొడిచే సమయానికి హైదరాబాద్‌లో ఇంచుమించు పొద్దు గుంకుతుంది. వెలుగు చీకటి కలిసే ఆ గీత వెంట బలహీనమైన సంకేతం కూడా కాసేపు నిలబడుతుంది. ఇటు కాఫీ వేళ, అటు అమ్మ తులసికోట దగ్గర దీపం పెట్టే వేళ. మాట అందకపోతే ఎఫ్‌టీ8 ఉంది. నోబెల్ గ్రహీత జో టేలర్, స్టీవ్ ఫ్రాంకీ కలిసి 2017లో ఇచ్చిన డిజిటల్ పద్ధతి అది. పదిహేను సెకన్లకోసారి కంప్యూటర్లు కాల్‌సైన్లు మార్చుకుంటాయి. చెవికి వినపడని సంకేతాన్ని కూడా పట్టుకుంటుంది. అందులో పలకరింపు ఉండదు, ఒట్టి హాజరు మాత్రమే. భారత్ కాల్‌సైన్ల మొదట ఉండే వీయూ2 అక్షరాలు తెరమీద కనబడితే చాలు అనుకునే ఉదయాలూ ఉంటాయి.

అమ్మను మైకు ముందు కూర్చోబెట్టి మాట్లాడించాలన్న ముచ్చట కొత్తవాళ్లందరికీ ఉంటుంది. లైసెన్సు లేని మనిషి మాటను దేశం దాటించాలంటే రెండు దేశాల మధ్య ఒప్పందం ఉండాలి. అమెరికా అలాంటి ఒప్పందం చేసుకున్న దేశాల్లో భారత్ లేదు. అమ్మకు వాట్సాప్ ఉంది. తమ్ముడికి ఆసక్తి ఉంటే మాత్రం అక్కడే పరీక్ష రాయించొచ్చు, పన్నెండేళ్లు నిండితే చాలు. రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు తరగతులు. హైదరాబాద్‌లో 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్ వెళ్లి వీయూ4ఆర్‌బీఐ కాల్‌సైన్‌తో ప్రపంచాన్ని పలకరిస్తుండగా 26న సునామీ వచ్చింది. మిగతా కమ్యూనికేషన్లు తెగిపోతే పోర్ట్‌బ్లెయిర్ నుంచి కబుర్లు మోసింది ఆ సెట్లే.

సెలవులకు వెళ్లేటప్పుడు చేతి రేడియోను సూట్‌కేసులో పెట్టుకుపోవాలన్న సరదా వద్దు. భారత్‌లో ట్రాన్స్‌మిటర్ దగ్గర ఉంచుకోవడానికే లైసెన్సు కావాలి, అమెరికా లైసెన్సు దానంతటదే అక్కడ చెల్లదు, కస్టమ్స్ వాళ్లతో వాదన పడితే సెలవులో సగం దానికే పోతుంది. బావోఫెంగ్‌ను తీసి సొరుగులో పడేస్తే ఆ ఖాళీలో పిన్నిగారు అడిగిన బాదంపప్పు ఇంకో పాకెట్టు పడుతుంది.