గులాబీ పండు

గులాబీ అనగానే మనకు పువ్వే గుర్తుకు వస్తుంది. అయితే రేకులు రాలిన తరువాత కొమ్మపై మిగిలే పండు ఒకప్పుడు బ్రిటన్‌లోని పిల్లల ఆరోగ్యాన్ని కాపాడడానికి ఉపయోగపడింది.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీ జలాంతర్గాములు సరుకుల ఓడలను ముంచివేయడంతో బ్రిటన్‌కు నారింజపండ్ల దిగుమతి బాగా తగ్గిపోయింది. ఆహారంలో 'సి' విటమిన్ కొరవడితే చిగుళ్ళనుండి రక్తం కారే స్కర్వీ వ్యాధి వస్తుంది. అక్కడి పొలాల కంచెలలో పెరిగే అడవిగులాబీ పండ్లలో ఈ విటమిన్ నారింజలోకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అందువలన 1941 నుండి ప్రభుత్వం ఆ పండ్లను సేకరింపజేసి, వాటితో తీయని పానకం తయారుచేయించి పసిపిల్లలకు అందించింది. పండ్లు ఏరినవారిలో బడిపిల్లలు కూడా ఉన్నారు.

పూలతోటలలోని సంకరజాతి గులాబీల గింజలు నాటితే మొలిచే మొక్కలు తల్లిమొక్కను పోలి ఉండవు. అందుకే వాటిని అంటుకట్టి పెంచుతారు. అడవిగులాబీని మాత్రం గింజలనుండి పెంచవచ్చు. అయితే అందుకు ఓర్పు కావాలి. గట్టి పెంకుగల ఆ గింజ వెంటనే మొలకెత్తదు. దానిని తడి ఇసుకలో కలిపి కొన్ని నెలలు చలిలో ఉంచాలి. కొన్ని గింజలు రెండు శీతకాలాలు గడిస్తేగాని మొలవవు. మొలిచిన మొక్క పూయడానికి మరికొన్ని సంవత్సరాలు పడుతుంది.

పండు కావలసినవారు వాడిన పువ్వును తుంచరాదు. పండు లోపలి నూగు గొంతులో దురద పుట్టిస్తుంది కనుక దానిని పూర్తిగా తొలగించిన తరువాతనే తినాలి. పువ్వు వాడిపోగానే మొక్క పని ముగిసిందనుకొనేవారికి ఈ పండు దక్కదు.